క్యాసెట్‌లో ఆమె లేదు

తొంభైల మొదట్లో, పెళ్లయిన ఏడాది, సిద్దిపేటలో మా బట్టల దుకాణం మీది గదిలో కూర్చుని ఎలక్ట్రానిక్ కీబోర్డుతో సంగీతం చేసేవాణ్ణి. పెళ్లిళ్లకు వాయించే బ్యాండువాళ్ల దగ్గర దాన్ని పాతది కొన్నాను. ఒక టేప్‌రికార్డర్‌లో నేను వాయించిందే పెట్టి, దానితోపాటు మళ్లీ వాయిస్తూ రెండోదాంట్లో రికార్డు చేసేవాణ్ణి. మాటలుండవు. నేనేమిటో నాకు అందులోనైనా తెలుస్తుందని ఆశ.

ఒక మధ్యాహ్నం నా భార్య అన్నం తెచ్చి, క్యాసెట్ మొత్తం కూర్చుని విన్నది.

“గిదంత మీ మనసులదేనా?” అని అడిగింది.

“అవ్,” అన్నాను.

“మరి గిండ్ల నేనేడ ఉన్న?”

ఆమె కోసమని వారం రోజులు కొత్త బాణీ కట్టాను. ఎన్ని స్వరాలు మార్చినా, ఖాళీ ఇంట్లో ఒక్కడే తిరుగుతున్నట్టు వినిపించింది. నన్ను నేను తెలుసుకోవాలనుకున్నాను, తెలిసింది. నా లోపల ఇంకొకరికి జాగ లేదు.

కీబోర్డు అమ్మేశాను. దానివల్ల ఏమీ మారలేదు. పిల్లలు పుట్టారు, దుకాణం పెరిగింది. ఆమె మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి కోపంగానైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తూనే ఏళ్లు గడిపాను.