గులాబి పుట్టింటికి వెళ్ళిన ఆషాఢం

అంతయ్య ఎవరికీ పిల్లిని ఊరికే ఇచ్చేవాడు కాదు. పెళ్ళి చేసి పంపేవాడు. ఎల్బీనగర్‌లో ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి పిల్లి కోసం వెళ్ళినవాళ్ళు దాన్ని చూసేది తర్వాత. ముందు ఆయన వాళ్ళని చూసేవాడు, కాలి చెప్పుల నుంచి తల వెంట్రుకల దాకా, పెళ్ళికొడుకుని చూసినట్టు.

ఆయన తాతల నాటి జొన్నచేలల్లో ఇప్పుడు మొబైల్ షాపులు, కోచింగ్ సెంటర్లు మొలిచాయి. మిగిలింది ఒక పెంకుటిల్లు, దాని ముందు పెద్ద వాకిలి. ఆ వాకిలికి ఇనుపతీగల జాలీ కొట్టించి, జనం వద్దనుకున్న పిల్లులన్నిటినీ అందులో పెట్టుకున్నాడు. కొత్త ఫ్లాట్‌కి మారుతున్నామని ఒకరు, పాప పుట్టిందని ఒకరు, సోఫా చింపిందని ఇంకొకరు తెచ్చి వదిలేసేవాళ్ళు. వాళ్ళని పల్లెత్తు మాట అనేవాడు కాదు. తీసుకుపోతామని వచ్చినవాళ్ళకి మాత్రం చుక్కలు చూపించేవాడు.

"ఏ అంతస్తు?" అని నాగోల్ నుంచి వచ్చిన కుర్రాణ్ణి అడిగాడు ఒకసారి.

"తొమ్మిదో ఫ్లోర్ అంకుల్. వ్యూ బాగుంటుంది."

"మా బిడ్డకు వ్యూ ఎందుకు? బాల్కనీకి జాలీ ఉన్నదా?"

"పెట్టిస్తాం."

"పెట్టించినంక రా బిడ్డా. పందిరి లేకుండ లగ్గం ఎట్లయితది?"

పెద్ద అంబర్‌పేట్ నుంచి కారులో వచ్చిన దంపతులు గేటు దగ్గరే "తెల్లది ఉందా?" అన్నారు. "రంగు అడిగే సంబంధం మాకొద్దు" అని గేటు దగ్గర నుంచే పంపేశాడు. మాటల్లో నెగ్గినవాళ్ళకి కూడా గండం గడిచినట్టు కాదు. వాళ్ళ వీధికి పోయి, కిరాణా కొట్టు ముందు నిలబడి విచారణ చేసేవాడు. "గా ఇంట్ల లొల్లి ఎక్కువనా? కోపమొస్తే గిన్నెలు ఇసురుతరా?" పాలప్యాకెట్లు వేసే మనిషి పెదవి విరిచాడని ఒక బ్యాంకు మేనేజరు సంబంధం తప్పిపోయింది. చివరికి ఎవరైనా గట్టెక్కితే, పిల్లి నుదుట ఇంత పసుపు పెట్టి, పాత తువ్వాలు, మట్టి మూకుడు, ఎండుచేపల పొట్లం సారె కట్టి మరీ సాగనంపేవాడు.

"ముగ్గురూ కొడుకులేనాయె" అనేది ఆయన భార్య సోమమ్మ. "ఆడిబిడ్డ లేకపాయె. కన్యాదానం ముచ్చట గిట్ల తీర్చుకుంటుండు ముసలాయన."

అలాంటి మనిషి ముందుకి రామమోహనరావు వెళ్ళి నిలబడ్డాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి, ఏదో కంపెనీలో లెక్కలు రాసి రిటైరైనవాడు. భార్య కృష్ణకుమారి పోయి అప్పటికి ఏడాది. వంటింట్లో కుక్కర్ కూత వేస్తే, ముందుగదిలోంచి "ఎన్నో కూతే అది?" అని ఇప్పటికీ గట్టిగా అడిగేవాడు. అడిగాక, పొయ్యి మీద పెట్టింది తనేనని గుర్తొచ్చి, లేచి వెళ్ళి ఆర్పుకునేవాడు.

"సారు ఒక్కరే ఉంటరా?" అన్నాడు అంతయ్య.

"ఒక్కణ్ణేనండి."

"తాగుతరా?"

"కాఫీ."

"బయట తిరుగుడు?"

"నాకు డెబ్భై దగ్గర పడ్డాయండి, అంతయ్యగారూ."

"వయసు అడగలే సారు. తిరుగుడు అడిగిన."

తిరుగుడు లేదని తేలాక వాకిట్లోకి తీసుకెళ్ళాడు. పిల్లికూనలన్నీ గెంతుతుంటే ఒక పెద్ద పిల్లి మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. బూడిదరంగు. దానికి గులాబి అని ఎవరు పేరు పెట్టారో వాళ్ళకే తెలియాలి. పెంచినవాళ్ళు కొత్త ఫ్లాట్ కొనుక్కుని దీన్ని ఇక్కడ దింపిపోయారు. ఆనాటి నుంచీ దాని ముఖం చూసినవాళ్ళు తక్కువ.

"దాచిపెట్టి ఇయ్యను సారు" అన్నాడు అంతయ్య. "గిది రెండో సంబంధం. ఒకింట్ల ఏండ్ల తరబడి ఉండొచ్చింది."

"నాకూ అంతేగా" అన్నాడు రామమోహనరావు. ఏడాదిలో ఆయన వేసిన మొదటి జోకు అది.

అంతయ్య నవ్వలేదు. "జాతకాలు కలిసినయి" అన్నాడు గంభీరంగా.

జాతకాలు కలిశాయేమో గాని, మనసులు కలవలేదు. దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో అడుగుపెట్టగానే గులాబి మంచం కిందికి దూరింది. రామమోహనరావు పిలిస్తే రాదు. గిన్నెలో పెట్టింది ఆయన చూస్తుండగా తినదు. ఆయన ముందుగదిలోకి వస్తే అది పడగ్గదిలోకి, ఆయన పడగ్గదిలోకి వెళ్తే అది వంటింట్లోకి. వేసవి అంతా అలాగే గడిచింది. ఇదివరకు ఆ ఇంట్లో ఒక ఒంటరితనమే ఉండేది. ఇప్పుడు రెండయ్యాయి, వేరు వేరు గదుల్లో.

కింది పోర్షన్ స్వప్న ఊరుకోలేక సలహా చెప్పింది. "ఎందుకు అంకుల్ ఈ పరేషాన్? మూసారాంబాగ్ బ్రిడ్జి కాడ ఇడిచిపెట్టుండ్రి. చేపలమ్మేటోళ్ళుంటరు. బతుకుతది."

వద్దన్నాడు గాని, ఆ మాట చెవిలోంచి పోలేదు. తిరిగి అంతయ్యకి ఇద్దామంటే, ఒకసారి వదిలేయబడ్డ జీవాన్ని తీసుకెళ్ళి "మాకూ అక్కర్లేదు" అని ఏ ముఖంతో చెప్పడం? వారం రోజులు తర్జనభర్జన పడి, చివరికి మూతబుట్ట ఒకటి కొన్నాడు. దాన్ని గుమ్మం పక్కన పెట్టాడు. ఎటు తీసుకెళ్ళాలో తేల్చుకోలేక, దాని చుట్టూ తిరిగాడు.

ఆ పూటే ఫోన్ మోగింది.

"సారూ, ఆషాఢం వచ్చింది. మా బిడ్డను పుట్టింటికి తోలుండ్రి."

"ఏమిటండీ?"

"కొత్త కోడలు ఆషాఢంల అత్తగారింట్ల ఉంటదా? ఈ ఏడు ఇచ్చిన బిడ్డలందరు వస్తున్నరు. తెచ్చి దింపుండ్రి."

రామమోహనరావుకి నవ్వొచ్చింది. నవ్వు కంటే ముందు ఊపిరి తేలికైంది. అదే బుట్టలో గులాబిని పెట్టి ఆటో ఎక్కాడు. ఎల్బీనగర్‌లో అంతయ్య ఇంటి ముందు అప్పటికే బుట్టలతో, సంచులతో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందరికీ గేటు దగ్గరే చాయ్ ఇచ్చాడు అంతయ్య.

"లోపలికి రావొద్దు. సోమమ్మ మీకు అత్త అయితది. ఆషాఢంల అత్త, అల్లుడు ఒక్క గడప తొక్కొద్దు. శ్రావణంల రాండ్రి."

వట్టి బుట్టతో ఇల్లు చేరిన రామమోహనరావుకి ఇల్లు హాయిగా ఉంటుందనిపించింది. ఉండలేదు. మంచం పక్క నుంచి నడిచేటప్పుడు కాలు దానంతటదే నెమ్మదించేది, కింద ఎవరో ఉలిక్కిపడతారన్నట్టు. వంటింటి తలుపు మూయబోయి, ఒకరు పట్టేంత సందు వదిలేవాడు. ఆ పిల్లి ఆయనతో మాట్లాడిందీ లేదు, ఒళ్ళో కూర్చుందీ లేదు. కానీ ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఆయన మరొకరికి అడ్డు తొలగి నడవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎవరికి అడ్డు తొలగాలి?

నెల సగమైనా కాకుండానే వెళ్ళి గేటు బయట నిలబడ్డాడు. సోమమ్మ వాకిలి ఊడుస్తోంది.

"గప్పుడే వచ్చిండ్రేంది సారు? ఇడిచిపోతిరనుకున్న."

"అదేమిటమ్మా, అలా అనుకున్నారు?"

సోమమ్మ చీపురు ఆపింది. "ఏటేటా కొందరు రారు. శ్రావణమొస్తది, పోతది, బిడ్డను తీస్కపోనే పోరు. గాయన ఫోన్ గూడ చెయ్యడు. ఎందుకు రాలేదని అడగడు. బజార్ల కనబడితే మంచిగున్నరా అంటడు, గంతే. ఒకపారి నేనే కొట్లాడిన, గీ ఆషాఢం లొల్లి ఏంది, మనుషులు నవ్వుతుండ్రు అని. ఏమన్నడో ఎరుకేనా? ఒద్దనుకున్నోళ్ళకు చెప్పనీకి శరమైతది సోమమ్మా, శరంతోని తీస్కపోయి ఏ బ్రిడ్జి కిందనో పడేస్తరు. గిట్లయితే వాళ్ళ ఇజ్జత్ వాళ్ళకుంటది, మన బిడ్డ మనకుంటది అన్నడు."

రామమోహనరావు గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

అంతలో లోపలి నుంచి అంతయ్య వచ్చాడు. "ఏంది సారు, శ్రావణం రాకముందే గడప తొక్కుతున్నరు?"

"తొక్కలేదండీ. బయటే ఉన్నాను. మీ అమ్మాయిని ఒకసారి చూసిపోదామని."

"చూసుడేనా, తీస్కపోతరా?"

"తీసుకెళ్తాను. మీరు పంపిస్తానంటే ఇప్పుడే."

"ఇప్పుడు కుదరదు. రివాజు రివాజే." అంతయ్య ముఖం కఠినంగానే ఉంది. కానీ లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకొచ్చి, గేటు అవతల, సరిగ్గా రోడ్డు మీద వేశాడు. "గడప బయట కూసుంటే దోషం లేదు. రోజూ రావొచ్చు."

రామమోహనరావు కూర్చున్నాడు. సోమమ్మ గేటు పైనుంచి చాయ్ అందించింది. కాసేపటికి గులాబి గోడ దగ్గర నుంచి లేచి, నెమ్మదిగా నడిచొచ్చి, జాలీకి లోపలివైపే, ఆయన కాలికి జానెడు దూరంలో కూర్చుంది. ఆయన వైపు చూడలేదు. రోడ్డు మీద పోయే బస్సుల్ని చూసింది. ఆయనా అవే చూశాడు.

మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. పక్క మొబైల్ షాపు మధుకి అనుమానమొచ్చి ఒక సాయంత్రం అడిగాడు. "ఏం సార్, రోజూ ఈడ కూసుంటున్నరు? ఎవరి కోసం?"

"మా వాళ్ళు పుట్టింటికి వచ్చారు బాబూ" అన్నాడు రామమోహనరావు, చాయ్ ఊదుకుంటూ. "శ్రావణంలో పంపిస్తారట."