అవ్వ కొంగుముడి

మాత్రలు మరవకుండా మా కోడలు నాకు ఏడు అరల డబ్బా కొనిచ్చింది. మతిమరుపు ముదిరిన మా అవ్వకు ఆ సౌకర్యం లేదు. తినగానే కొంగుకు ముడి వేసుకునేది, మళ్లీ వంటవేళకు విప్పేది.

కోస్గి వైపు వానలు పడని ఏడాది, నాకు ఎనిమిదేళ్లు. అవ్వ కునుకు తీస్తుంటే, ఆమెకని ఉంచిన జొన్నగట్క తినేసి, కొంగుకు నేనే ముడి వేశాను. గుర్తులేని ఆకలి ఆకలి కాదని నా లెక్క.

అవ్వ లేచి కడుపు తడుముకుంది. “నేను తిన్ననా, బిడ్డా?”

“కొంగు చూస్కో అవ్వా! గిప్పుడే తింటివి గదా.”

ముడి చూసుకుంది. “నిజమే, తిన్న. గీ పాడు కడుపుకే యాది లేదు,” అని చెంబెడు నీళ్లు తాగింది. “మరి నువ్వు తిన్నవా?”

“తిన్న అవ్వా,” అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.