మైకులో నేనన్న మాట

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదైంది. తెలిసినవాళ్లతో చెప్పుకోలేకే కదా ఇన్నేళ్లు మోశాను. పెద్ద నేరమేమీ కాదనుకుంటారేమో మొదట. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కొంగు సర్దుకుని, మైకు ముందు నిలబడి, నవ్వుతూ అన్న ఒక మాట. ఆ మర్నాడే వెళ్లి, అది నా నోటి నుంచి వచ్చిన అబద్ధమని చెప్పి ఉంటే అక్కడితో పోయేది. వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు, ఆ తర్వాతా వెళ్లలేదు.

నా పేరు మీకు అక్కర్లేదు. విశాఖపట్నంలో పంతులమ్మగా చేశాను. మా నాన్నగారు పోర్టు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాకు హార్మోనియం వచ్చు. గొంతు లేదు. ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకోండి, నాకు గొంతు లేదు.

మా క్వార్టర్సుకు జాలరిపేట నుంచి పోలమ్మ చేపలు తెచ్చేది. చనిపోయిన చెల్లెలి కూతుర్ని ఆమే పెంచింది. డెబ్బైల చివర్లో ఒకసారి పోలమ్మకు జ్వరమొస్తే ఆ పిల్ల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర "సేపలో" అని కేకేసింది. నేను వంటింట్లో ఉన్నాను. చేతిలో పని అలాగే వదిలేసి బయటికొచ్చాను. కేక కాదది. ఒక స్వరం మీద నిలబడి, చివర సన్నగా వంగింది. అలాంటి గొంతు నేను అంతకు ముందు వినలేదు. ఆ పిల్లతో నేను మాట్లాడిన మొదటి మాటేమిటో తెలుసా? "సేపలు కాదమ్మా, చేపలు" అన్నాను.

ఆ పిల్ల పేరు నూకరత్నం. సాయంత్రాలు మా ఇంటికి రమ్మన్నాను. వచ్చింది. సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టాను. పాటతో పాటు పలుకుబడీ మార్చాను. 'నాను' అంటే 'నేను' అనిపించాను. 'ఏటి' అంటే ఊరుకునేదాన్ని కాదు. నేను వాయించే ఆర్కెస్ట్రాలో చేర్చినప్పుడు పేరు కూడా కత్తిరించి 'రత్న' అన్నాను. ఆమె పాడేది, నేను హార్మోనియం వాయించి, పాటకూ పాటకూ మధ్య మైకులో నాలుగు ముక్కలు చెప్పేదాన్ని. కొన్నేళ్లకు ఆమె మొదటి క్యాసెట్ వచ్చింది. వెన్నెల, విరహం, పూలు. మాటలన్నీ ఒక లెక్చరరు గారు రాశారు. ఎంపిక నాది. ద్వారకా నగర్ హోటళ్లలో, గాజువాక వెళ్లే బస్సుల్లో, పెళ్లిపందిళ్లలో అదే మోగింది. కాలేజీ పిల్లలు ఆమె కోసం సభల్లో ముందు వరస పట్టుకునేవారు. జనం "రత్న" అని అరిచినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది. ఆ పేరు నేను పెట్టిందే కదా.

రెండో క్యాసెట్ సంగతి నాకు చెప్పలేదు. అది తయారయ్యాకే తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముందుగాల నీకే తెచ్చినానక్కా" అంది. అట్టమీద 'నూకరత్నం' అని పూర్తి పేరుంది.

సెలవురోజు మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉండి విన్నాను. హార్మోనియం లేదు. డప్పు, తాళాలు, వెనక పోలమ్మ, ఆమె ఈడు ఆడవాళ్లు. జాలరిపేటలో వలలు బాగుచేసుకుంటూ, చేపలు ఎండబెట్టుకుంటూ పాడుకునే పాటలు. మాటలన్నీ వాళ్లవే. నేను ఏళ్ల తరబడి దిద్దిన ప్రతి అక్షరాన్నీ ఆ గొంతు దిద్దుబాటు విదిలించుకుని పలికింది. ఒక పాటలో వేటకెళ్లిన మగవాళ్లంతా ఒడ్డుకొస్తారు, ఒక్కడు రాడు. "అందరి తెప్పలూ వచ్చినాయి, నా తెప్పేదే ఓలమ్మా" అని ఒకే ఒక్క వరస. దాన్నే మళ్లీ మళ్లీ పాడుతుంది. పాడిన ప్రతిసారీ కాస్త కాస్తగా ఆశ చచ్చిపోతుంది. టేప్ రికార్డరు మీద తల ఆనించి ఏడ్చాను. ఇంతకన్నా గొప్పగా ఆమె ఎప్పుడూ పాడలేదని నాకు అప్పుడే తెలుసు. ఈ మాట ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడే అంటున్నాను.

తర్వాత కళ్లు తుడుచుకున్నాను. తుడుచుకుంటుండగానే కోపం వచ్చింది. నేను లేకుండానే ఇంత బాగా పాడిందా? మరి ఇన్నేళ్లు నేను చేసిందేమిటి? నేర్పానా, అడ్డుపడ్డానా? ఆ ప్రశ్నకు జవాబు వెతకడం కన్నా ఆమె తప్పు చేసిందనుకోవడం నాకు సులువైంది.

ఊరు కూడా రెండుగా చీలింది. పాత అభిమానులు చాలామంది మొహం ముడుచుకున్నారు. కాలేజీ పిల్లలు నవ్వారు. మా స్టాఫ్‌రూములో ఒకావిడ "బజారు పాటలు పాడే ఖర్మేమిటి ఆ పిల్లకి" అంది. మరోవైపు, స్టీల్ ప్లాంటు కట్టడంలో పనిచేసే శ్రీకాకుళం మనుషులు ఆ క్యాసెట్ కోసం ఎండలో బస్సులు మారి వచ్చేవారు. ఒక క్రేన్ ఆపరేటరు మా స్కూలు దగ్గర నన్ను ఆపి, "మాయమ్మ గొంతు ఇన్నట్టుందండీ" అని వెళ్లిపోయాడు. క్యాసెట్ల షాపాయన తల పట్టుకున్నాడు. "ఒకడు రెండేసి కొంటన్నాడు, ఇంకొకడు కొన్నది ఎనక్కి తెచ్చి పాతది ఇయ్యమంతన్నాడు. ఏటి సెయ్యమంతారు టీచరమ్మా?" అని నన్నే అడిగాడు. "జనం మాట వినాలి" అన్నాను. ఏ జనం? ఎండలో వచ్చినవాళ్లు జనం కారా? అతను అడగలేదు. నేనూ అనుకోలేదు.

వినాయక చవితికి స్టీల్ ప్లాంటు పక్కనున్న కూర్మన్నపాలెంలో పందిరి వేసి, రత్నం చేత పాడించారు. మైకులో మాటలు చెప్పడానికి ఎప్పటిలాగే నేనూ వెళ్లాను. ఆ సాయంత్రం పోలమ్మ జాలరిపేట ఆడవాళ్లను లారీలో వెంటబెట్టుకుని వచ్చింది. తలంట్లు పోసుకుని, పూలు పెట్టుకుని, ముందే వచ్చి స్టేజీ ఎదురుగా చాపల మీద కూర్చున్నారు. వాళ్ల పాటలు మైకులో వినడానికి వచ్చారు. రత్నం వాళ్లను చూసి స్టేజీ మీద నుంచే చెయ్యూపింది.

మొదటి సగం కొత్త పాటలే పాడింది. ముందున్న ఆడవాళ్లు, వెనకున్న కూలిజనం ఊగిపోయారు. మధ్యలో కుర్చీల్లో ఉన్నవాళ్లు పాతవి పాడమని అరిచారు. ఈలలు. ఎవరో "సేపల బుట్టేది?" అన్నారు. నవ్వులు. పోలమ్మ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది.

విరామంలో రత్నం గొంతు తడుపుకోవడానికి వెనక సందులో ఉన్న ఒకరింటికి వెళ్లింది. ఆ సందులో ఇంకో పందిరి పాటల హోరు, మా మైకు అక్కడికి వినపడదు. వెళ్తూ నాతో అంది, "అరిసినోల్లని అరవనీ అక్కా. రెండో సగం కూడా ఇయ్యే పాడతాను. మైకులో సెప్పీ."

మైకు దగ్గరికి వెళ్లాను. కుర్చీల్లోంచి కమిటీ పెద్ద నావైపు చూసి చెయ్యి తిప్పాడు, ఏదో ఒకటి చెయ్యమన్నట్టు. అతని మీద నెట్టేయగలను. నెట్టను. అతను చెయ్యి తిప్పాడంతే. మాట నాది.

"అభిమానులకు మనవి. ఈ కొత్త పాటలు పాడి మిమ్మల్ని నొప్పించినందుకు రత్న మిమ్మల్ని క్షమించమంటోంది. ఈ మోటు పాటలు ఇక పాడనని మాటిస్తోంది. విరామం తర్వాత మీ రత్న మీ పాటలే పాడుతుంది."

కుర్చీలు చప్పట్లతో మోగిపోయాయి. నేను కావాలనే ముందు వరసల వైపు చూడలేదు. చూడకపోయినా తెలుస్తుంది కదా. పోలమ్మ లేచింది. పక్కనున్నావిడ భుజం తట్టింది. ఒకరి వెనక ఒకరు లేచి, చాపలు దాటుకుని, లారీ వైపు నడిచారు. ఇప్పుడైనా పిలవచ్చు కదా అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. మైకు నా చేతిలోనే ఉంది.

రత్నం తిరిగొచ్చి తెర పక్క నుంచి తొంగిచూసింది.

"అక్కా, పెద్దమ్మోల్లేరి?"

"వెళ్లిపోయారు."

"ఎల్లిపోనారా? ఏటైనాది?"

నిజం చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను కూడా. తెరిచాక వచ్చింది వేరే మాట.

"వాళ్లకి సిగ్గేసిందట రత్నం. నలుగురూ నవ్వుతుంటే తట్టుకోలేకపోయారు. మా పాటలు ఇలా పందిట్లో పెట్టి నవ్వులపాలు చేసిందేమిటి అని మీ పెద్దమ్మ అంది."

"పెద్దమ్మే అన్నాదా?"

"నాతోనే అంది."

ఆమె ఖాళీ చాపల వైపు చూసింది. "నాను ఆల్ల కోసమే కదా పాడినాను అక్కా" అంది. తర్వాత స్టేజీ ఎక్కి వెన్నెల పాటలన్నీ వరసగా పాడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను హార్మోనియం వాయించాను. శ్రుతి తప్పలేదు.

కొద్దిరోజులకు జాలరిపేట వెళ్లొచ్చింది. పోలమ్మ తలెత్తకుండా చేపలు కోసుకుంటూ, "ఇంక మా పాటలు పాడకే" అందట. ఆ మాటలో ఎంత గాయముందో, ఆ గాయం ఎక్కడిదో నాకు తెలుసు. రత్నానికి తెలియదు. మా ఇంట్లో కూర్చుని, "నివ్వు సెప్పింది నిజమే అక్కా" అని ఏడ్చింది. నేను ఆమె తల నిమిరాను. మైకు పట్టుకున్న ఆ చేత్తోనే.

ఎవరైనా చెప్పేస్తారేమోనని చాలాకాలం వణికాను. ఒకసారి ఒక అభిమాని ఆమెతో, "ఆ రోజు మీరు క్షమాపణ అడగడం పెద్దమనసండీ" అన్నాడు. ఏం క్షమాపణ అని ఆమె నావైపు చూసింది. కార్యక్రమం ఆలస్యమైంది కదా, దానికి నీ తరఫున నేనే అడిగానులే అన్నాను. నమ్మింది. నా మాట ఆమె ఎప్పుడు నమ్మలేదు గనక?

ఆ తర్వాత కొత్త పాట ఏదీ కట్టలేదు. పాతవే పాడి పాడి, కూర్మన్నపాలెంలోనే స్టీల్ ప్లాంటు ఉద్యోగస్థుణ్ని పెళ్లి చేసుకుని, నెమ్మదిగా మానేసింది. జాలరిపేటకు పండగలకు వెళ్లేది, చీర ఇచ్చి వచ్చేసేది. పెద్దమ్మా కూతురూ ఒకరినొకరు ఏమీ అడగలేదు. ఇద్దరిదీ అభిమానమే. నేను వేసిన అడ్డుగోడ అక్కడే, వాళ్లిద్దరి మధ్యే ఉండిపోయింది.

ఎనభైల చివర్లో పోలమ్మ పోయింది. రత్నానికి తోడుగా వెళ్లాను. ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని, రాగం తీసి ఏడుస్తున్నారు. ఆ వరసలన్నీ రత్నానికి వచ్చు. కొంగు నోట్లో కుక్కుకుని గోడకానుకుని నిలబడింది. ఒక ముసలామె నా దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది.

"ఆవేల మైకులో సెప్పినావు, నివ్వే కదేటి?"

ఆమె గొంతులో కోపం లేదు.

"ఆవేల లారీలో మా పోలమ్మ ఒక్క మాటే అన్నాది. పిల్ల పెద్దదైపోనాది, మనం ఎల్తే దానికి నామోషీ, ఇంకెల్లొద్దు అన్నాది. ఆ క్యాసెట్టు మాత్రం పారీలేదు. ఎవుల్లూ లేనప్పుడు పెట్టుకునీది."

రత్నం నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ ఏడుపుల్లో ఆమెకు వినపడలేదు. అక్కడికక్కడే చేయి పట్టుకుని చెప్పగలిగేదాన్ని. పోలమ్మ మొహం ఇంకా కప్పలేదు. ఆమెకు వినపడకపోయినా, ఆమె ఎదుట చెప్పినట్టయ్యేది. "అవునమ్మా" అని మాత్రం అన్నాను. దేనికి అవునన్నానో ఆ ముసలామెకు తెలియదు.

ఎందుకు చెప్పలేదు? రత్నం బాధపడుతుందని నాకు నేను చెప్పుకునేదాన్ని. అదీ అబద్ధమే. ఆమె నన్ను అక్కా అనడం మానేస్తుందని భయం. ఆమె లేకపోతే నేను ఎవరిని? గొంతు లేని హార్మోనియం పంతులమ్మని. ఆ పిలుపు పోగొట్టుకోలేక, ఆమెకు పెద్దమ్మను పోగొట్టాను, పాటనూ పోగొట్టాను. అసూయ ఒక్క సాయంత్రమే. పిరికితనం మాత్రం అప్పటి నుంచి ఇప్పటి దాకా.

మొన్న రత్నం నన్ను చూడ్డానికి వచ్చింది. కాఫీ ఇస్తూ, "ఆ రోజు కూర్మన్నపాలెంలో..." అని మొదలుపెట్టాను. "పాతయన్నీ ఇప్పుడెందుకక్కా, ఇడిసీ" అంది. విడిచిపెట్టాను. ఎంత త్వరగా విడిచిపెట్టానో! ఆమె వెళ్లాక తలుపు వేసుకుని, ఇక ఎవరికో ఒకరికి చెప్పకపోతే బతకలేననిపించి ఇది రాస్తున్నాను. రేపు ఆమెకు చెబుతానని మీకు మాటివ్వను. నా మాటల విలువెంతో మీకిప్పుడు తెలుసు.

మీరు నన్ను క్షమించాలని కూడా అడగను. క్షమించాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు, రెండో ఆమెకు తెలియదు. అయినా ఒక్కసారి, ఉన్నదున్నట్టు, ఎవరి చెవిలోనైనా పడాలి. రత్నం ఎవరినీ క్షమాపణ అడగలేదు. పోలమ్మ ఎవరిని చూసీ సిగ్గుపడలేదు. ఆ రెండు మాటలూ నేనన్నాను. నేనే అన్నాను.