సిలువ రాయికి చెప్పని మాట

మా ఊరి నుంచి కంభం రోడ్డెక్కే మలుపులో ఒక సిలువ రాయి ఉంది. మార్కాపురం పలకరాయిని చెక్కి నిలబెట్టింది, నా నడుమెత్తు ఉంటుంది. ఊరు దాటి పోయేవాళ్లు ఎవరైనా దాన్ని ముట్టుకుని "పోయొస్తా" అని చెప్పి పోవాలి. చెప్పకుండా పోయినవాళ్లు తిరిగి రారని మావాళ్ల నమ్మకం.

దాని కథ నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త చెప్పింది. "ఎనకటికి మన పల్లెలో ఒకాయన పెండ్లాంతో పోట్లాడి, 'పోతాండా' అని ఒక్క మాటనేసి నల్లమలకు వెదురు కొట్టేదానికి పోయినాడంట. 'పోయొస్తా' అనలా. ఆమె గూడా 'పోయి రా' అనలా. ఆ మనిషి మళ్లా రాలేదు. ఆమె ఎదురుచూసి ఎదురుచూసి, ఆ మలుపులో ఈ సిలువ నిలబెట్టిచ్చింది. ఇంకెవురూ ఆ మాట మర్సిపోకూడదని."

చర్చికి వెళ్లే మేమే కాదు, కిరాణా దుకాణమాయన కూడా సరుకుకు పోయేముందు దానికి పసుపు పూసి మరీ చెబుతాడు. పాస్టరుగారికి మాత్రం కోపం. "రాయికి చెప్పేదేందమ్మా? ప్రభువుకు చెప్పుకోండి" అని ప్రతి ఆదివారం మందలిస్తాడు. ఆ మలుపు దగ్గర ఆయన బండి కూడా నెమ్మదిస్తుంది. నేను చూడలేదనుకుంటాడు.

మా ఇంటాయన ఆ మాట ఒక్కనాడూ చెప్పలేదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని ఆయనకు. "నేను రోజూ కోసేది ఆ రాయినే. దానికి చెవులు యాడా కనపళ్లేదే!" అని ఎగతాళి చేసేవాడు. ముప్పై ఏళ్లు చెప్పకుండానే పోయాడు, ముప్పై ఏళ్లూ సాయంత్రానికి వచ్చాడు. ఎందుకు రాడు? ఆయన బస్సెక్కాక నేను ఆ మలుపుదాకా నడిచిపోయి, ఆయన తరఫున చెప్పి వచ్చేదాన్ని. ఈ సంగతి ఆయనకు తెలియదు.

పోయిన ఎండాకాలంలో ఆయాసం ఎక్కువై ఆయన్ను అంబులెన్సులో ఒంగోలు తీసుకుపోయాం. నేను పక్కన కూర్చుని మాస్కు జారకుండా పట్టుకున్నాను. నా చూపంతా ఆయన ఛాతీ మీదే. మలుపు రాగానే ఆయన కిటికీ వైపు చెయ్యెత్తాడు. మాస్కు కింద పెదాలు కదిలాయి. "పో..." అని ఏదో వినిపించింది. నేను ఆ చెయ్యి దించేసి, "గమ్మునుండు, మాట్లాడితే ఆయాసమొస్తాది" అని గదమాయించాను.

ఆ తర్వాత ఆయన ఇంకే మాటా మాట్లాడలేదు. మూడో రోజు అదే దారిలో ఆయన్ను శవంగా తీసుకొస్తుంటే, ఆ మలుపులో నాకు అర్థమైంది ఆ "పో" ఏమిటో. అన్నేళ్లు ఆయన తరఫున చెప్పిన నేను, ఆ రోజు చెప్పడం మరిచాను. తనంతట తాను చెప్పబోతే నోరు మూయించాను.

రాయి వినదని నాకూ తెలుసు. ఫ్యాక్టరీ దుమ్ము తిన్న ఊపిరితిత్తులకు రాయేం చేస్తుంది? తెలిసినా నా ఏడుపు ఆగదు.

ఇప్పుడు బీపీ మాత్రలకు కంభం పోయేటప్పుడు రాయిని ముట్టుకుని "పోయొస్తా" అంటాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు అదొక్కటే మిగిలింది. తిరిగొచ్చి తాళం తీస్తే ఇంట్లో చడీచప్పుడూ ఉండదు. ఏది చెప్పినా ఎదురు మాట్లాడే మనిషి ఆయన. "గమ్మునుండు" అని కాపురంలో వెయ్యిసార్లు అనుంటాను. విన్నది మాత్రం ఆ ఒక్కసారే.