మీసాలాయన కిటికీ

వీధిలో అందరూ ఆయన్ని మీసాలాయన అనే పిలిచేవారు. క్షౌరం చేసేవాడికి సొంత మీసమే బోర్డు కదా. పొద్దున్నే దువ్వి, కొనలు మెలితిప్పి, ఆ తర్వాతే దుకాణం తలుపు తీసేవాడు. కోపం వచ్చినా నవ్వు వచ్చినా మాటకంటే ముందు మీసం కదిలేది.

మొదటి బిడ్డ, మగపిల్లవాడు, నెలల వయసులోనే మామూలు జలుబుతో పోయాడు. జలుబుకే పిల్లలు పోతారా అని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. ఆ జలుబును దుకాణం నుంచి తానే ఇంటికి మోసుకెళ్లానన్న అనుమానం మాత్రం ఆయన కడుపులోనే ఉండిపోయింది. తర్వాత కూతురు పుట్టగానే పరీక్షలు చేశారు. రోగాలతో పోరాడే కణాలు పాపకు లేవు. వాళ్లన్నకూ లేకపోయి ఉంటాయన్నారు.

తండ్రి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను పాపకు ఎక్కించారు. అవి కుదురుకుని, కొత్త కణాలు పుట్టి పనిలోకి దిగడానికి నెలలు పడుతుందట. అంతవరకు చిన్న జలుబైనా ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"మీరు రోజంతా పదిమంది మొహాల దగ్గర మొహం పెట్టి పనిచేస్తారు. దుకాణం మానలేనంటున్నారు. అలాగైతే కొన్నాళ్లు వేరేగా ఉండండి."

దుకాణం వెనక గదిలో చాప పరుచుకున్నాడు. పగలంతా కబుర్లే కబుర్లు. తలుపు మూశాక మాత్రం అద్దాల్లో ఎటు చూసినా తనే. అంతమంది ఉండి ఒక్కడూ పలకడు.

రోజూ సాయంత్రం ఇంటి కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. మూసిన గాజు తలుపు వెనక భార్య పాపను ఎత్తుకుని నిలబడేది. ఏం మాట్లాడినా లోపలికి వినపడదు. అందుకని మీసం ఆడించేవాడు, ఒకసారి కుడి కొన, ఒకసారి ఎడమ కొన. పాప నోరంతా తెరిచి నవ్వి గాజు మీద అరచెయ్యి ఆనించేది. ఇవతల ఆయనా ఆనించేవాడు. చేతికి చల్లగా గాజే తగిలేది.

చివరికి డాక్టరమ్మ ఫోను చేసింది.

"కణాలు పెరిగాయి, పని కూడా చేస్తున్నాయి. అవన్నీ మీ కణాల నుంచి వచ్చినవే. ఇంక ఇంటికి వెళ్లండి. చేతులు శుభ్రంగా కడుక్కోండి. జలుబు గానీ ఉంటే గడప తొక్కొద్దు."

ఆయన కాలు నేల మీద నిలవలేదు. బేరాలన్నీ వెనక్కి పంపి, తలకు పోసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అప్పుడు చూపు మీసం మీద ఆగింది. ఇన్నాళ్లూ వచ్చినవాళ్ల తుమ్ములన్నీ అందులోనే చిక్కుకుని ఉంటాయనిపించింది. కొడుకు గుర్తొచ్చాడు. అంతే, ముందూ వెనకా చూడకుండా నున్నగా గీసేశాడు. ఎంత తెలివైన పని చేశాడో చూడండి.

తలుపు తీసిన భార్య నోరెళ్లబెట్టింది.

"ఇదేం పనండీ? అది మిమ్మల్ని గుర్తుపట్టేదే దాంతో కదా."

"నాన్నని కదే, తెలియకుండా ఉంటుందా" అంటూ పాపను అందుకున్నాడు. ఆ బరువుకి, ఆ వెచ్చదనానికి ఆయన కళ్లు చెమర్చాయి. పాప ఆయన మొహంకేసి చూసింది. పెదవి విరిచి, గుక్కపట్టి ఏడుస్తూ తల్లి మీదికి ఒరిగిపోయింది. దాన్ని కాపాడుతున్నవి ఆయన కణాలే. అయినా దానికి ఆయన ఎవరో పరాయివాడు.

"మళ్లీ పెరుగుతుందిలెండి" అంది భార్య. ఆయన పాపను ఆవిడ చేతికిచ్చి బయటికి నడిచాడు. అలిగాడనుకుందావిడ. ఇల్లు చుట్టి వెళ్లి ఆయన ఎప్పటిలాగే కిటికీ అవతల నిలబడ్డాడు. బోసిపోయిన పై పెదవిని కుడికీ ఎడమకీ ఆడించాడు.

పాప ఏడుపు ఆపింది. కాసేపు పరీక్షగా చూసింది. కొత్తగా వచ్చిన రెండు పళ్లూ కనబడేలా నవ్వి గాజు మీద చెయ్యి ఆనించింది. లోపలికి రమ్మని భార్య సైగ చేసింది. ఆయన రాలేదు. గాజుకి అరచెయ్యి ఆనించి, చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.