తాళం వేసిన ఇంటికి రాసిన అంకె

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ సూపర్వైజర్‌గా చేరింది ఒక జూన్ నెలలో. తొలివానకు రోడ్డంతా నల్లరేగడి బురదై, చెప్పులు చేత పట్టుకుని వెళ్లి జాయినింగ్ రిపోర్టు ఇచ్చాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా తిరిగాను. సూపర్వైజర్ పని వేరు. ఆరుగురు ఊరి నర్సుల రిజిస్టర్లు సరిచూడాలి, తప్పులు పట్టాలి, కింద సంతకం పెట్టాలి. తప్పులు పట్టడంలో నాకు మంచి పేరే ఉండేది. నెలాఖరు వస్తే నా నోటికి జడిసి అన్నం సహించేది కాదని మా నర్సులు ఆ తర్వాత నాకే చెప్పి నవ్వారు.

మా పనికంతటికీ మూలం అర్హ దంపతుల రిజిస్టర్. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ప్రతి జంటకూ అందులో ఒక వరుస ఉంటుంది. భార్య వయసు, కన్న పిల్లలు, బతికున్న పిల్లలు, చిన్నబిడ్డ వయసు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా లేదా, ఇవన్నీ రాయాలి. ఏటా ఇల్లిల్లూ తిరిగి దాన్ని కొత్తగా రాస్తాం. చిక్కల్లా ఏమిటంటే, మా మండలంలో ఆ సర్వే సరిగ్గా మిరపకోతల కాలంలో వచ్చేది. అప్పటికి ఊళ్లు సగం ఖాళీ. వానను నమ్ముకున్న పత్తి, వేరుశనగ అయిపోగానే జనం కూలీలను కుదిర్చే మేస్త్రీల వెంట పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు వైపు కూలికి పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. తాళం వేసిన ఇల్లు కనబడితే ఎదురింటి ముసలమ్మను అడిగి రాసుకునేవాళ్లం. ఆమెకూ తెలియకపోతే నిరుటి అంకెనే ఈ ఏటి గడిలోకి దించేవాళ్లం. నేనూ అదే చేశాను, నా కింది వాళ్లకూ అదే నేర్పాను.

ఆ రోజుల్లోనే జిల్లా శిక్షణలో ఒక నిపుణుడు ప్రపంచ పటం చూపించాడు. పిల్లలు ఎక్కువ పుట్టే దేశాలన్నీ ఎరుపు, తక్కువ పుట్టే దేశాలన్నీ ఆకుపచ్చ. ఎర్ర దేశాలే పేద దేశాలు. పిల్లలు తగ్గితే పేదరికం తగ్గుతుందని చెప్పాడు. మా ఆదోని వైపు పల్లెలు కూడా ఎరుపేనని నన్ను చూసి అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. నా ఏరియా ఎర్రగా ఉండటమా అనుకుంటూ బస్సెక్కాను.

ఆ పౌరుషమంతా ఈరమ్మ మీద పడింది. ఆమెకు ఇరవై అయిదేళ్లుంటాయి. రిజిస్టర్‌లో ఆమె వరుసలో బతికున్న పిల్లలు ముగ్గురు, ఆపరేషన్ లేదు. ఉగాది మర్నాడు జరిగే కైరుప్పల పిడకల పోరు ముగిసి, సుగ్గి లారీలు తిరిగి వచ్చిన వారంలో మా సెంటర్లో ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. కాగితం మీద లక్ష్యాలు ఎత్తేశారు గానీ, నెల సమీక్షలో అంకె అడగడం ఎవరూ మానలేదు. మూడుసార్లు ఈరమ్మ ఇంటికి వెళ్లాను. అవుననదు, కాదనదు. మూడోసారి కుళాయి దగ్గర పట్టుకుని, అందరి ముందర, "ముగ్గురుండారు గదమ్మే, ఇంకెంతమందిని కంటావే?" అని అరిచాను. ఆమె తలవంచుకుని బిందె ఎత్తుకుని పోయింది. మర్నాడు క్యాంపుకు వచ్చి నా టేబుల్ ముందు కూర్చుంది. గెలిచాననే అనుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు ఒప్పుదల పత్రం నింపాలి. అందులో రాసినదంతా మనిషికి చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకోవాలి. నేను వినిపించడం మాని ఇంకు ప్యాడ్ ముందుకు తోశాను. ఈరమ్మ వేలికి ఇంకు అంటించుకుని ఆగింది.

"ఏం రాస్తివి నర్సమ్మా?"

"బతికుండే పిల్లలు ముగ్గురని."

ఆమె వేలు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. "ఇద్దరే నర్సమ్మా. సిన్నది ల్యాదు."

"ల్యాదంటే? యాడికి పోయింది?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది.

"గుంటూరు కాడ్నే పాయ. మిరప సేన్లో గుడిసె ఏసుకోని ఉంటిమి. రెండు దినాలు బేదులు. ఆస్పత్రి యాడుందో మాకు తెల్దు. మేస్త్రీ ఆటో తెస్తానని పాయ. ఆటో వచ్చేతలికి అయిపాయ."

అది నిరుటి మాట. ఆ ఏడు ఎదురింటి ముసలమ్మ ముగ్గురని చెప్పింది, మేం ముగ్గురని రాసుకున్నాం. ఈ ఏడూ తాళమే, ఆ ముగ్గురినే దించాం. కింద సంతకం నాది. మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. పోగు తెగితే ముడివేసేదాకా మా నాయన పోగును అటూ ఇటూ నడిపే నాడె ముట్టేవాడు కాదు. ఆయన కూతురినై ఉండి, తెగిన పోగు చూసుకోకుండా రెండేళ్లు నేసుకుంటూ పోయాను.

"మల్ల నేను ముగ్గురు ముగ్గురని అట్ల అరుస్తాంటే ఒక్క మాటన్నా సెప్పకపోతివి గదమ్మే?" అని అడిగాను.

"నువ్వు ముగ్గురంటాంటే ఇనబుద్ధయితాండె నర్సమ్మా. ఊర్లో ఎవురూ దాన్ని లెక్కలో పెట్టుకోరు. నువ్వొక్కదానివే పెడితివి" అంది.

ఇన్నేళ్ల సర్వీసులో నన్ను తిట్టినవాళ్లున్నారు, కుక్కను ఉసిగొలిపిన వాళ్లున్నారు. ఎవరి మాటకూ నేను టేబుల్ ముందు ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

ఆపరేషన్ ఇష్టమేనా అని అప్పుడు, మొదటిసారిగా, ఆమెను అడిగాను. "ఇంగో బిడ్డ కావాల్నో వద్దో నాకే తెల్దు. ఉండే ఇద్దరు దక్కుతారని ఎవురన్నా సెప్తే సాలు" అంది. ఆ పత్రం చించేశాను. డాక్టరమ్మకు నా తప్పు నేనే చెప్పి, ఈరమ్మను ఇంటికి పంపించాను. నెల సమీక్షలో అంకె తగ్గింది, నాకు మెమో వచ్చింది. మెమోలో రాసిన నిర్లక్ష్యం నిజమే, కాకపోతే వాళ్లనుకున్న చోట కాదు.

మరుసటి సుగ్గికి లారీలు కదిలే రోజున ఆరుగురు నర్సులనూ వెంటబెట్టుకుని లారీల దగ్గరికే వెళ్లాను. పిల్లల టీకాలు అక్కడే వేయించాం. బేదులకు కలిపి తాపే ఓఆర్‌ఎస్ పొడి పొట్లాలు తల్లుల చేతికిచ్చి, ఎలా కలపాలో చేసి చూపించాం. ఏ చేనుకు ఏ ఆస్పత్రి దగ్గరో మేస్త్రీల చేత కనుక్కుని, చీటీ మీద రాసి ఇచ్చాం. ఈరమ్మ పెద్దకూతురిని బడిలోని సీజనల్ హాస్టల్లో చేర్పించాను. తల్లిదండ్రులు సుగ్గికి పోయినన్నాళ్లూ పిల్లలను అక్కడే ఉంచుకుంటారు. కొడుకు చిన్నవాడు, తల్లితో పోయాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున గుంటూరు నుంచి ఈరమ్మ ఫోన్ చేసింది. "పిల్లోనికి జరమొచ్చిండె. నువ్విచ్చిన సీటీ సూపిచ్చి ఆస్పత్రికి పోయినాము. సూది ఏసినారు. ఇబుడు ఆడుకుంటాండాడు" అని చెప్పి పెట్టేసింది. ఆ రోజు రిజిస్టర్లలో ఎన్ని తప్పులు కనబడినా నేను ఎవరినీ ఏమీ అనలేదు.

మూడు సుగ్గిలు గడిచాక ఈరమ్మ ఎవరూ పిలవకుండానే ఆటో దిగి మా సెంటర్‌కు వచ్చింది. మధ్యలో మరో బిడ్డను కనలేదు. "ఇద్దరూ బడికి పోతాండారు. ఇంగ సాలు, రాయి" అంది.

"ఎవరన్నా బలవంతం చేసినారా?"

"అప్పుడు నువ్వు చేస్తివి గదా. ఇప్పుడు ఎవురూ ల్యా" అని నవ్వింది. నాకు తగలవలసిందే తగిలింది.

పత్రం నింపి, ఈసారి మొదటి నుంచీ చదివి వినిపించాను. బతికున్న పిల్లలు ఇద్దరు అనగానే చెయ్యి అడ్డం పెట్టింది. "సిన్నదాన్ని యాడ రాస్తివి?" దానికి ఆ పత్రంలో గడి లేదు. పక్క మార్జిన్‌లో రాశాను: కన్నది ముగ్గురిని, మూడో బిడ్డ నాగవేణి, ఏడాదిన్నర వయసులో గుంటూరు మిరపచేలో చనిపోయింది. చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమంది, చదివాను. అప్పుడు వేలిముద్ర వేసింది. మార్జిన్‌లో రాయకూడదని డాక్టరమ్మకు తెలుసు. అయినా దాని పక్కన సంతకం పెట్టింది.

రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు పేపర్లలో పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండి అంటున్నారు. అప్పుడు వద్దన్నదీ పటాలు చూసే, ఇప్పుడు కావాలంటున్నదీ పటాలు చూసే. నాకు తెలిసింది ఒక మండలమే. అక్కడ పుట్టిన పిల్లలు దక్కుతారన్న నమ్మకం ముందు వచ్చింది, పిల్లలు తక్కువ చాలనుకోవడం ఆ తర్వాత వచ్చింది. శిక్షణలో మాకు దీన్ని తలకిందులుగా చెప్పారు.

ఆ క్యాంపు తర్వాత తాళం వేసిన ఇంటికి నేను అంకె రాయనివ్వలేదు. ఆ గడిలో 'తాళం' అని మాత్రం రాయించి, లారీ దిగిన రోజున వెళ్లి, తల్లినే అడగమనేదాన్ని. అడిగేటప్పుడు కూర్చుని అడగమనేదాన్ని.