భాష రాని సినిమాకు అక్క చెప్పిన కథ

నా చిన్నతనం మస్కట్‌కు దూరంగా ఉన్న రుస్తాఖ్‌లో గడిచింది. అప్పట్లో ఆ ఊళ్లో మాలాంటి పిల్లలకు బడి లేదు. మస్కట్‌లో ఉందనేవారు. ఉంటే ఎవరికి? పంపగలిగిన వాళ్లకి. మా నాన్న దర్జీ. అందుకని నా చదువంతా ఆయన కుట్టుమిషన్ పక్కన, జగిత్యాల వైపు నుంచి వచ్చేవాళ్లు తెచ్చిచ్చిన తెలుగు పుస్తకాలతో సాగింది. చాలామటుకు రష్యాలో అచ్చయినవి. ఎండకు గోడలు కాలుతుంటే నేను మంచు గురించి, యుద్ధాల గురించి చదివేవాణ్ణి. చదివిందంతా నాకొక్కడికే తెలుసన్న పొగరు కూడా పెంచుకున్నాను. ఆ పొగరు సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

పక్కింటి అక్కది విజయవాడ వైపు. ఆమె భర్త ఊరి ఆసుపత్రిలో కాంపౌండరు. చుట్టుపక్కల సైట్లలో పనిచేసే మనవాళ్లలో చాలామందికి చదువు రాదు. శుక్రవారం సెలవు కదా, అందరూ ఆమె ఇంటికి చేరేవారు. ఉత్తరాలు రాసిపెట్టేది. కొందరికి టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి మాట్లాడించేది. ఎవరైనా సెలవు మీద ఊరికి పోతుంటే ఆ క్యాసెట్ చేతికిచ్చి పంపేవారు. ఇంటివాళ్లు చుట్టూ కూచుని విని, ఏడ్చి, మళ్లీ వినేవారట. బటన్ నొక్కడం నా పని.

ఆ శుక్రవారం వచ్చినవాళ్లలో ఒక మేస్త్రి ఉన్నాడు. మూడు వారాల ముందు అతని తమ్ముడు సైట్‌లో పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. కాగితాలు కదలక శవం ఆసుపత్రిలోనే ఉండిపోయింది. కంపెనీవాళ్లు ఇంటికి టెలిగ్రాం ఇస్తామంటే, వద్దు, మా అవ్వకు నేనే చెప్పుకుంటానని బతిమాలుకున్నాడు. చెప్పలేకపోయాడు. ఆ మూడు వారాలూ తల్లికి రాయించిన ప్రతి ఉత్తరంలోనూ తమ్ముడు బాగున్నాడు, చేతికి దెబ్బ తగిలి రాయలేకపోతున్నాడు అనే ఉంది. రాసింది అక్కే.

ఇప్పుడు కాగితాలు వచ్చేశాయి. శవపెట్టె మంగళవారం విమానానికి పోతుంది. వాళ్ల పక్క ఊరి మనిషి ఒకడు ఆదివారమే సెలవు మీద పోతున్నాడు. అతని చేత నిజం పంపకపోతే, పెట్టె గుమ్మం ముందు దిగాకే ఆ తల్లికి తెలుస్తుంది. ఆ గదిలో అందరికీ ఈ విషయం తెలుసు. ఒక్కరూ ఎత్తడం లేదు.

మేస్త్రి మనసు కాస్త మళ్లించాలని మా నాన్న బజారు నుంచి ఒక హిందీ సినిమా తెచ్చాడు. కాంపౌండరు బావ కొత్తగా కొన్న వీసీఆర్‌లో పెట్టారు. డబ్బా మీద ఉన్న హీరో ఎక్కడా కనిపించలేదు. తెర నిండా తెలుపు, నలుపు. ఎవరో కోట్లు తొడుక్కున్న మనుషులు. అక్షరాలు నా పుస్తకాల వెనక అట్టల మీద చూసినవే.

"రష్యాది!" అన్నాను.

"నీకెరుక గని, సప్పుడు జెయ్యకు," అన్నాడు నాన్న.

"తీసెయ్ అన్నా, గా మాటలు ఎవనికి సమజైతయ్?" అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు.

"ఉండండి, నేను చెప్తాగా," అంది అక్క. "మా ఆయన గురకకే అర్థం చెప్పుకుంటున్నాను, ఇదెంత!"

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా కొంచెం పెదవి కదిపాడు. అది చూసి అక్కకు ఉత్సాహం వచ్చినట్టుంది. తెర మీద వయొలిన్ పట్టుకున్న ముసలాయన పాటల మాస్టారన్నది. ఇంట్లో కూతురి పెళ్లి అన్నది. జనం గిన్నెలు పట్టుకుని మంచులో బారులు తీరితే, అవి పెళ్లి భోజనాలన్నది.

"గంత లైనా? ఉప్మా తప్ప ఏం పెట్టరు!" అన్నాడొకడు.

నాకు మాత్రం అయోమయంగా ఉంది. పెళ్లివాళ్ల మొహాలు అలా పీక్కుపోయి ఉంటాయా? కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో ఎందుకు పెడుతున్నారు? అంతలో ఒకామె చక్రాలు లేని చిన్న చెక్కబండిని తాడుతో లాక్కుంటూ వచ్చింది. బండి మీద గుడ్డలో చుట్టి కట్టిన పొడవాటి మూట.

అక్క ఒక్క క్షణం ఆగింది. "సామాను. పెళ్లికూతురి సారె, ఇంటికి తీసుకెళ్తోంది," అంది.

నాకు ఒళ్లు మండింది. ఆ బండి బొమ్మ నా పుస్తకంలో ఉంది. శత్రువులు నగరాన్ని చుట్టుముడితే తిండి లేక లక్షలమంది పోయారనీ, పోయినవాళ్లను పిల్లల ఆట బండ్ల మీద లాక్కెళ్లారనీ చదివాను.

"అబద్ధం! గది సామాను గాదక్కా, పీనుగ! వాళ్ల మనిషి సచ్చిపోతే గుంజుకపోతున్నది!" అని అరిచాను.

అరిచాక గానీ ఆ గదిలో ఎవరు కూచున్నారో నాకు గుర్తు రాలేదు.

నాన్న చెయ్యెత్తాడు. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను చూడలేదు. మేస్త్రి వైపు తిరిగింది.

"వాడు చెప్పిందే నిజం అన్నా. నాకా భాష రాదు. ఇందాకట్నుంచీ నోటికొచ్చింది చెప్తున్నాను. ఉత్తరాల్లోనూ అదే పని చేశాను."

ఆ తర్వాత ఎవరూ కథ చెప్పలేదు. సినిమా దాని మానాన అది నడిచింది. చివర్లో ఆ ముసలాయనా, ఇంకా బతికున్న కొందరూ కోట్లు విప్పకుండానే, వేళ్లు తెగిన చేతితొడుగులతో పెద్ద కచేరీ మొదలుపెట్టారు. పాట లేదు, మాట లేదు. ఒకసారి ఊరేగింపులా ఉంది, వెంటనే ఏడుపులా ఉంది. ఎక్కడ సంతోషించాలో, ఎక్కడ బాధపడాలో నాకు తోచలేదు.

మేస్త్రి నన్ను దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, గింత ఆకలిల వాళ్లెందుకు వాయిస్తున్నరు? నీ పుస్తకంల రాసిందా?"

"నాకు తెల్వదు మామా," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

"నాకూ సమజైతలేదు. గని ఆపుతలేరు సూడు," అని, టేప్‌రికార్డర్ తెమ్మన్నాడు. నేను బటన్ నొక్కాను.

"అవ్వా... తమ్ముడు లేడే. సైట్ల పడి పోయిండు. మంగళారం విమానంల తోలిస్తున్న. ఇన్నొద్దులు అబద్ధం నేనే రాయించిన, రాసిన చెల్లెది తప్పు లేదు."

అంతే. నేను ఆపబోతే అక్క వద్దని తల ఊపింది. వెళ్లి అతని పక్కన నేల మీద కూచుంది. క్యాసెట్ ఆ పక్క అయిపోయేదాకా తిరుగుతూనే ఉంది. అతని ఊపిరీ, వెనక ఆ కచేరీ, అన్నీ అందులో ఎక్కాయి. ఆదివారం ఆ క్యాసెట్ జగిత్యాల పోయింది. పెట్టె కంటే ముందు చేరింది.

తర్వాత దొరికినవన్నీ చదివాను. ముట్టడిలో ఉన్న ఆ నగరంలో అలాంటి కచేరీ నిజంగానే జరిగిందట. మైకులు పెట్టి శత్రువులకు కూడా వినిపించారట. ఎందుకో మాత్రం ఏ పుస్తకమూ నాకు తృప్తిగా చెప్పలేదు. ఇప్పుడు మస్కట్ పక్కన సీబ్‌లో మా దుకాణానికి వచ్చే కుర్రాళ్లు ఫోన్లో ఏ దేశపు సినిమా అయినా పది నిమిషాల్లో తెలుగు కథగా వినేస్తారు. ఆ చెప్పేవాడు సంగీతం నోరు నొక్కి మరీ గడగడా చెబుతాడు. నాకు తెలియదు అన్న మాట ఒక్కసారన్నా అనడేం? కోపంతో నాకు టీ కూడా దిగదు.

కానీ ఆరోజు నేను అరిచింది జాలితో కాదు, పొగరుతో. అయినా దానివల్ల మేలే జరిగింది. నేను నోరు మూసుకుని ఉంటే అక్కే మెల్లగా మేస్త్రి చేత చెప్పించి ఉండేదా? యాభై దాటినా తేల్చుకోలేకపోతున్నాను. నిజం నోటిదాకా వస్తే ఆపుకోవడం ఇప్పటికీ నాకు చేతకాదు. చెప్పేస్తాను. చెప్పాక మాత్రం లేచిపోను. ఆ మనిషి ఊపిరి కుదుటపడేదాకా, ఏమీ మాట్లాడకుండా, పక్కనే కూచుంటాను.